అప్‌డేట్: బాయిలర్ బ్రికెట్లు, నీళ్ల లెక్క ఎందుకు తప్పిందో తెలిసింది

బాయిలర్‌లో ఇంధనం, నీళ్లు నా లెక్క కంటే ఎందుకు ఎక్కువ అవుతున్నాయని పోయిన నెల అడిగాను కదా: గాజువాకలో మా లాండ్రీ, గంటకు 1000 కిలోల ఆవిరి, 10 కేజీల ప్రెషర్. నా లెక్కలో గంటకు 180 కిలోల బ్రికెట్లు (నొక్కి చేసిన ఇంధన దిమ్మెలు), వెయ్యి లీటర్ల నీళ్లు. నిజంగా అయ్యేది 250 కిలోలు, దాదాపు 1170 లీటర్లు. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బాయిలర్ ఇంజనీర్‌ని పిలిపించాం. మొదటి తప్పు నాదే. కిలో ఆవిరికి 540 కిలోకేలరీలు వేశాను. అది 100 డిగ్రీల నీటికి. మా నీళ్లు 30 డిగ్రీలు, కాబట్టి 634 కావాలి. ఎఫిషియెన్సీ (ఇంధనం వేడిలో ఆవిరికి చేరే వంతు) కూడా 80 శాతం అనుకున్నా, కొలిస్తే 70. కిలో బ్రికెట్‌కి 3800 కిలోకేలరీల చొప్పున 634000 ÷ (3800 × 0.7) = 238 కిలోలు. మిగతాది బ్లోడౌన్‌లో (లవణాలు పేరుకోకుండా బాయిలర్ నుంచి వదిలేసే నీళ్లలో) పోయే వేడి.

నీళ్ల సంగతి: మా బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) 500, బాయిలర్‌లో 3500 దాటకూడదు. 500 ÷ (3500 − 500), అంటే ఆవిరిలో దాదాపు 17 శాతం అంత బ్లోడౌన్. సాఫ్ట్‌నర్ ఉందిగా అనుకున్నా. అది గట్టితనం తీస్తుందే గానీ టీడీఎస్ తగ్గించదట!

కండెన్సేట్ (ఆవిరి చల్లబడి మారిన వేడినీళ్లు) వెనక్కి తెమ్మన్నవాళ్లదే కరెక్ట్. గోడ వెనక కాలువలో పొద్దస్తమానం పొగలు కక్కుతూ పోయేది అదే. మావాళ్లు దాంతో కాళ్లు కడుక్కునేవారు. ఇప్పుడు దాంట్లో సగం బాయిలర్ నీళ్ల ట్యాంకుకి వస్తోంది. బాయిలర్‌లోకి వెళ్లే నీళ్లు 60 డిగ్రీలు, గంటకు బ్రికెట్లు 230 కిలోలు, కొత్త నీళ్లు 580 లీటర్లు.

బ్రికెట్లు తడిగా ఉన్నాయని సప్లయర్‌తో అనవసరంగా గొడవపడ్డా. తేమ మామూలుగానే ఉంది.