అప్‌డేట్: రొయ్య కణజాలంలో కేంద్రకాలు ఎర్రగా మిగిలిపోయే సమస్య తీరింది
భీమవరంలోని మా ప్రయోగశాలలో రొయ్య హెపటోపాంక్రియాస్ (జీర్ణగ్రంథి) సెక్షన్లకు, అంటే మైక్రోస్కోపులో చూసేందుకు కోసిన పలుచని పొరలకు, హెమటాక్సిలిన్ (కేంద్రకాలకు పట్టే రంగు), ఇయోసిన్ (మిగతా భాగాలకు పట్టే గులాబీ రంగు) వేసినప్పుడు కణాల కేంద్రకాలు నీలంగా మారక ఎర్రటి ఊదాలోనే నిలిచిపోతున్నాయని గత నెల ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. కడిగే నీటి పీహెచ్ చూడమన్న సూచనే అక్కరకొచ్చింది: బోరు నీరు ఉప్పగా ఉందని మేము ఆర్వో నీటికి మారాము, అది కొద్దిగా ఆమ్లంగా ఉండడంతో, క్షారగుణం తగిలితే తప్ప నీలం తిరగని హెమటాక్సిలిన్ ఎరుపులోనే ఉండిపోయింది. లీటరు నీటిలో 2 గ్రాముల సోడియం బైకార్బనేట్, 20 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి స్లైడ్లను ముంచితే, రెండు నిమిషాల్లో కళ్లముందే నీలం తిరిగాయి. మేము అనుమానించిన, కణజాలం చెడకుండా ముందుగా నానబెట్టే డేవిడ్సన్ ద్రావణానికీ సెక్షన్ మందానికీ ఇందులో పాత్ర లేదు. కొత్త హెమటాక్సిలిన్ సీసాకు పెట్టిన డబ్బు దండగే. ఇయోసిన్‌కు ముందు మాత్రం నీటితో మళ్లీ బాగా కడగాలి, క్షారం మిగిలితే ఇయోసిన్ సరిగా పట్టదు.