అప్‌డేట్: విపశ్యన శిబిరం తర్వాత నిద్ర లేదు, అంతా కలలా ఉంది

పది రోజుల విపశ్యన (మౌనంగా కూర్చుని చేసే ధ్యానం) శిబిరం ముగించి తిరుపతి వచ్చాక నిద్ర పట్టట్లేదు, మనుషులు గాజు అవతల ఉన్నట్టున్నారు అని అడిగాను కదా. తగ్గింది. సలహాలిచ్చినవాళ్లకు థాంక్స్.

సైకియాట్రిస్ట్ దీన్ని డీరియలైజేషన్ అన్నారు, అంటే చుట్టూ ఉన్నదంతా నిజం కానట్టు అనిపించడం. కారణం, రోజుకు పది గంటలు ధ్యానంలో కూర్చుని ఒక్కసారిగా పనిలో పడటం, పైన నిద్రలేమి. కళ్లు మూసుకుని చేసే ధ్యానం పూర్తిగా ఆపించారు. గుణం కనిపించింది దాంతోనే. "ఇంకా కూర్చుంటే పోతుంది" అన్న సలహా మాత్రం వద్దండీ, ఒళ్లు జివ్వుమనడం ఇంకా ఎక్కువవుతుంది. రాత్రి కడుపునిండా సంగటి, రోజూ ఒకే వేళకు పడక, అలిపిరి మెట్ల మీద చెప్పుల్లేకుండా అరికాలికి రాయి తగలడం గమనిస్తూ నడక, ఇవీ సాయపడ్డాయి. థైరాయిడ్, బీ12 నార్మల్.

గొంతులు వినిపించినా, వరసగా రాత్రులు నిద్రే లేకపోయినా నడకలతో కాలయాపన చేయకుండా డాక్టర్ దగ్గరికెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఉచితం.