1969 ఆల్ఫా 1750 జీటీవీ: ట్విన్ క్యామ్ ఇంజిన్ తీసేయించి జపాన్ ఇంజిన్ పెట్టించాలా? (చెన్నై)

సూళ్లూరుపేట శీను

అందరికీ నమస్తే. నేను పెరుంగుడిలో ఉద్యోగం చేస్తాను. కీల్పాక్‌లో మా మామయ్య ఇంటి షెడ్డులో 1969 ఆల్ఫా రోమియో 1750 జీటీవీ ఒకటి ఉంది. పాత మద్రాసు నంబరు, ఆర్సీ మామయ్య పేరు మీదే. తొంభైల్లో పక్కన పెట్టేశారు, అప్పట్నుంచి స్టార్ట్ చేసింది లేదు. "ఓపిక ఉంటే తీసుకెళ్లి బాగు చేసుకోరా" అన్నారు. బాడీలో తుప్పు ఉంది కానీ మరీ ఘోరంగా లేదు.

అయనావరంలో నాకు తెలిసిన మెకానిక్‌ని పిలిచి చూపించాను. బానెట్ ఎత్తి ఒక్క చూపు చూశాడు. "రెండు క్యామ్‌లు, రెండు కార్బొరేటర్లు, ఇవన్నీ ఇప్పుడు ఎవరు చూస్తారు సార్? తీసి పారేసి ఏదైనా జపాన్ ఇంజిన్ పెట్టేద్దాం, ఏసీ కూడా వస్తుంది" అన్నాడు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

ఇంకో డౌటు. నా హ్యాచ్‌బ్యాక్ ఇంజిన్ కూడా డీఓహెచ్‌సీనే, అంటే అదీ హెడ్ మీద రెండు క్యామ్‌లున్న ట్విన్ క్యామ్ రకమే, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మరి ఈ పాత కార్ల దగ్గరికొచ్చేసరికి ట్విన్ క్యామ్ అంటూ అంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటారు?

వడపళని వేణు

పెట్టించెయ్ బ్రో. కారు రోడ్డు మీద తిరగడం ముఖ్యం. చెన్నై ఎండలో, సిగ్నల్స్‌లో ఆ ఇటలీ ఇంజిన్ ఉడికిపోతుంది. మా ఫ్రెండ్ ఒకతను పద్మినికి వేరే ఇంజిన్ వేయించాడు, హాయిగా తిరుగుతున్నాడు.

అంబత్తూరు హెడ్ షాపు

బాబూ శీనూ, ముందు ఆ ఇంజిన్ మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకు. అంబత్తూరు ఎస్టేట్‌లో సిలిండర్ హెడ్‌లు, అంటే ఇంజిన్ బ్లాక్ పైన వాల్వ్‌లుండే మూతలు, బాగు చేసే షాపు నాది, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. రోజూ వచ్చేవి లారీ హెడ్‌లే. ఎప్పుడైనా ఇలాంటిది బల్ల మీదికొస్తే నేనే వెళ్లి కూర్చుంటాను.

నీ హ్యాచ్‌బ్యాక్ డౌటు ముందు తీరుస్తాను. వాల్వ్‌లని నొక్కి తెరిచే ఇరుసే క్యామ్. పద్మిని 1089 సీసీ ఇంజిన్‌లో అది కింద బ్లాక్‌లో ఉంటుంది. అక్కడి కదలిక పుష్‌రాడ్ అనే పొడుగు కడ్డీ, రాకర్ అనే మీట దాటుకుని వాల్వ్ దాకా రావాలి. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ అంత బరువుని ఆడించలేక స్ప్రింగు చేతులెత్తేస్తుంది. క్యామ్‌లని హెడ్ మీదికి ఎక్కిస్తే ఆ గొడవ పోతుంది. రెండు క్యామ్‌లు ఉంటే ఇన్‌టేక్ వాల్వ్‌లని ఒక పక్కకి, ఎగ్జాస్ట్ వాల్వ్‌లని ఇంకో పక్కకి వాల్చి పెట్టొచ్చు. అప్పుడు పెద్ద వాల్వ్‌లు పడతాయి, ప్లగ్గు నడిమధ్యకి వస్తుంది. 1912లోనే ప్యూజో రేసు కారులో రెండు క్యామ్‌లు, సిలిండరుకి 4 వాల్వ్‌లు పెట్టి ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ కొట్టారు. తర్వాత చాలా కాలం అది రేసు కార్లకి, బాగా డబ్బున్నవాళ్ల కార్లకే పరిమితం. 1948లో జాగ్వార్ ఎక్స్‌కే120 వచ్చింది, 3442 సీసీ. 1954లో ఆల్ఫా వాళ్లు జూలియెట్టా స్ప్రింట్ అని 1290 సీసీ చిన్న కారులో, అది కూడా అల్యూమినియం బ్లాక్‌తో, ట్విన్ క్యామ్ పెట్టారు. మీ మామయ్య కారులో ఉన్న 1779 సీసీ ఇంజిన్ ఆ వంశమే. మన రోడ్ల మీద అందరూ పుష్‌రాడ్ బండ్లు నడుపుతున్న రోజుల్లో ఇది 5 గేర్లు, 4 చక్రాలకీ డిస్క్ బ్రేకులతో వచ్చిన కారు. గొప్ప చెప్పుకోరా మరి?

ట్విన్ క్యామ్ అయినంత మాత్రాన ప్రతిదీ మంచిదని కాదు. ఎంజీఏ ట్విన్ క్యామ్ 1958లో మొదలై 1960లోనే ఆగిపోయింది, మొత్తం తయారైనవి 2111. పిస్టన్‌లు కాలిపోయేవి. లోటస్ ఎలాన్‌లో వాటర్ పంపు టైమింగ్ కవర్‌లోనే ఉంటుంది. పంపు సీలు పోయిందంటే ఇంజిన్ ముందు భాగమంతా విప్పాల్సిందే. నీ షెడ్డులో వాటిలో ఒకటి ఉండుంటే నేను కూడా ఒకసారి ఆలోచించుకోమనేవాణ్ణి. ఆల్ఫా ఇంజిన్ అలాంటిది కాదు, చైన్‌తో నడిచే మొండి ఘటం. పైగా లెక్కకు మించి తయారైంది, కొత్త విడిభాగాలు ఇంగ్లండ్, జర్మనీ, ఇటలీలలో ఇప్పటికీ చేస్తున్నారు. పుదుపేట పాత స్పేర్ల బజారులో మాత్రం వెతక్కు.

మెకానిక్‌లు భయపడేది వాల్వ్ సెట్టింగ్‌కి. స్క్రూ తిప్పి సరిచేసే రకం కాదు మరి. క్యామ్‌కి కింద బకెట్ అనే చిన్న గిన్నె, బకెట్ లోపల వాల్వ్ తల మీద చిన్న బిళ్ల ఉంటాయి. ఆ బిళ్లే షిమ్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు క్యామ్ వీపుకి, బకెట్‌కి మధ్య ఫీలర్ గేజ్ (ఖాళీ కొలిచే పల్చటి రేకు) పెట్టి ఎనిమిది వాల్వ్‌ల ఖాళీలూ కాగితం మీద రాసుకోవాలి. క్యామ్‌లని తిప్పే పై చైన్ విప్పితే రెండు కొసలూ తీగతో కట్టెయ్యాలి, లోపలికి జారిందంటే తల పట్టుకోవడమే. క్యామ్‌లు ఎత్తి, అయస్కాంతంతో బకెట్ లాగి, షిమ్ తీసి మైక్రోమీటర్‌తో కొలవాలి. ఏ షిమ్ ఏ వాల్వ్‌దో గుడ్ల ట్రేలో వరసగా పెట్టుకుంటాం మేము. తర్వాతంతా కూడికలు, తీసివేతలే. ఖాళీ 0.10 మిల్లీమీటర్లు తక్కువుందనుకో, షిమ్ అంత పల్చనవ్వాలి.

అసలు కిటుకు ఇక్కడుంది. వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే సీట్లు కటింగ్ చేస్తే వాల్వ్ హెడ్‌లోకి ఇంకాస్త దిగి, దాని కాడ పైకి పొడుచుకొస్తుంది, అంటే ఖాళీ తగ్గుతుంది. కాబట్టి హెడ్ పని అయ్యాక దాదాపు ఎప్పుడూ షిమ్ పల్చనే చేయాల్సి వస్తుంది. ఆ పనికి అంబత్తూరులో సర్ఫేస్ గ్రైండర్‌లకి కొదవా? కాకపోతే పై గట్టి పొర అరిగిపోయేంత పట్టకూడదు. మందం షిమ్‌లు కావాల్సొస్తే అవి బయటి నుంచి తెప్పించాలి.

ఈ క్యామ్‌లు ఎత్తే బాధ ఫియట్ వాళ్లు తప్పించారు. ఫెరారీలో పనిచేసి వచ్చిన లాంప్రెడీ 1966లో ఫియట్ 124 స్పోర్ట్‌కి చేసిన ట్విన్ క్యామ్‌లో షిమ్ బకెట్ పైనే కూర్చుంటుంది. బకెట్‌ని కిందికి నొక్కి పట్టుకుని షిమ్ మార్చేయొచ్చు, క్యామ్ కదపక్కర్లేదు. చైన్ బదులు పళ్ల బెల్టు. ఆ 124 సెలూన్ బాడీయే మన దగ్గర ప్రీమియర్ 118ఎన్‌ఈ అయింది. తీరా దాని ముక్కులో పెట్టింది నిస్సాన్ 1171 సీసీ పుష్‌రాడ్. అదీ మన ప్రాప్తం.

వడపళని వేణు

హెడ్ సంగతి సరే పెద్దాయనా, వేడి సంగతేంటి? పెట్రోల్ కూడా ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20.

అంబత్తూరు హెడ్ షాపు

వేణూ, మంచి ప్రశ్నే. రేడియేటర్‌కి కొత్త కోర్ వేయించి, బ్లాక్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి కడిగిస్తే చాలావరకు కుదురుతుంది. ఇన్నేళ్లు నిలబెట్టిన ఏ ఇంజిన్ అయినా ఆ పని చేయించకపోతే ఉడుకుతుంది, జపాన్‌దైనా సరే. ఇ20 మాత్రం నిజంగానే తలనొప్పి. ఇథనాల్ పాత రబ్బరుని తినేస్తుంది. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా గొట్టాలన్నీ దానికి తట్టుకునేవి వేయాలి, కార్బొరేటర్‌లలో జెట్‌లు (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాల ముక్కలు) కొంచెం పెద్దవి పడతాయి. సీసం లేని పెట్రోల్ గురించి కూడా కొందరు భయపెడతారు. అల్యూమినియం హెడ్‌కి వాల్వ్ సీట్లు ఎలాగూ విడిగా కొట్టిన గట్టి లోహమే, దాని గురించి దిగులు అక్కర్లేదు.

ఆర్సీ తిప్పలు

నేను మెకానిక్‌ని కాను, కాగితాల మనిషిని. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటిన సొంత బండ్లకే ఇది. కొత్త నంబరైతే వీఏ సిరీస్, ఫీజు 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. ముందే నంబరున్న బండికి ఆ పాత నంబరే ఉంచుకోవచ్చు. అసలు మెలిక ఏంటంటే, బండి అసలు రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పులు చేస్తే వింటేజ్ కింద ఒప్పుకోరు. అంటే శీను గారూ, జపాన్ ఇంజిన్ పెట్టిన రోజే ఆ దారి మూసుకుపోతుంది. వింటేజ్ కింద చేయిస్తే రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడానికి మాత్రం కుదరదు. ర్యాలీలు, ఎగ్జిబిషన్‌లు, రిపేరు, పెట్రోల్, అంతవరకే.

సూళ్లూరుపేట శీను

అందరికీ థ్యాంక్స్. ఆఫీసుకి వేసుకెళ్లే ఉద్దేశం నాకూ లేదు. ఇంజిన్ ఉంచేస్తున్నా. అంకుల్, మీ దగ్గరికి తెచ్చేలోపు నేను చేయాల్సింది ఏమైనా ఉందా? మెకానిక్ బ్యాటరీ తెచ్చి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం అంటున్నాడు.

అంబత్తూరు హెడ్ షాపు

సెల్ఫ్ ముట్టుకోవద్దని చెప్పు! నాలుగు ప్లగ్గులూ తీసి, సిలిండర్‌లలో కొంచెం నూనె పోసి వారం వదిలెయ్. తర్వాత గేర్ న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ నట్టుకి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పు. తిరిగితే సంతోషం. తిరగకపోతే బలవంతం చేయకు, అలాగే ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించు.

హెడ్ దించే పని షెడ్డులో ఎవరు మొదలుపెడతామన్నా ఒప్పుకోకు. ఇన్నేళ్లకి స్టడ్‌లు అల్యూమినియంతో కలిసి పట్టేసి ఉంటాయి, స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తారంటే హెడ్ ఫేస్, అంటే బ్లాక్‌కి ఆనే నున్నటి ముఖం, పోతుంది. ఆ మధ్య ఊళ్లో పేరున్న ఒక వర్క్‌షాప్ నుంచి ఇలాంటి హెడ్ మా దగ్గరికొచ్చింది, ఫేస్ మీద ఉలి గాట్లు, వాటి మీద సిలికాన్ పేస్టు. దాన్ని వెల్డింగ్ చేసి ఫేసింగ్ పట్టేసరికి నాకే నీరసం వచ్చింది. ఇంకో సంగతి. ఈ ఇంజిన్‌లో సిలిండర్ లైనర్‌లు (పిస్టన్‌లు ఆడే గొట్టాలు) విడిగా, నీళ్లల్లో నిలబడి ఉంటాయి. హెడ్ తీశాక వాటిని బిగించి పట్టకుండా క్రాంక్ తిప్పితే పైకి లేస్తాయి, కింద సీల్ పోయి నీళ్లు ఆయిల్‌లోకి దిగుతాయి.

ఇంజిన్ నంబరు చూసి ఆర్సీతో సరిపోల్చుకో. 00548తో మొదలైతే 1750ది. 00512 ఉంటే ఎవరో తర్వాత 2000 ఇంజిన్ మార్చారని అర్థం, అప్పుడు కాగితాల పని ముందు చూసుకోవాలి. ఆ ఫోటో ఇక్కడ పెట్టు. నంబరులో చివరి అంకెలు మాత్రం మూసెయ్.