రిటైరయ్యాక తిరుపతిలో ఫ్లై ఫిషింగ్ నేర్చుకోవడం సబబేనా?

స్వర్ణముఖి_ఒడ్డున:
అందరికీ నమస్కారం. ఈ ఏడే రిటైరయ్యాను, ఉండేది తిరుపతి. ఆమధ్య మా అబ్బాయి దగ్గర కొలరాడోలో ఉన్నప్పుడు, నాకంటే పెద్దవాళ్లు మోకాటి లోతు ఏటిలో నిలబడి ఫ్లై రాడ్‌తో ట్రౌట్ చేపలు పట్టడం చూశాను. కొక్కేనికి ఈకలు, దారం చుట్టి పురుగులా చేస్తారు, అదే ఫ్లై, దాన్నే నీటిమీద వాలుస్తారు. అప్పటినుంచి నేర్చుకోవాలని గట్టిగా ఉంది. ట్రౌట్ లేని ఊళ్లో ఇదేం పని అంటాడు మా తమ్ముడు. తినని చేపను పట్టడమెందుకు అంటుంది మా ఆవిడ. మీ అభిప్రాయం చెప్పండి.

గట్టుమీద_గాలం:
సార్, నా మాటైతే వద్దు. ట్రౌట్ చల్లనీళ్ల చేప. బ్రిటిష్‌వాళ్లు తెచ్చి కాశ్మీరులో, నీలగిరిలో వదిలారు. ఊటీ దగ్గర అవలాంచిలో 1907లోనే చేపపిల్లల్ని పెంచే కేంద్రం పెట్టారు. మన చెరువు నీళ్లలో అది ఒక్క ఎండాకాలం కూడా బతకదు. ఇక్కడుండేవి కట్ల, రోహు. కట్ల నీళ్లలోని సన్నజీవుల్ని వడకట్టుకుని తింటుంది, రోహుకు నాచు, కుళ్లిన ఆకు కావాలి. అవి ఈకముక్క కోసం పైకి రావు. వెదురు గెడ, బెండు, వానపాము చాలు. ముందు దాంతో నీళ్లు చదవడం, అంటే నీటిని చూసి చేప ఎక్కడుందో పసిగట్టడం, నేర్చుకోండి.

పీలేరు_ఈకలు:
గట్టన్నా, కట్ల, రోహుల గురించి నువ్వు చెప్పింది నిజమే. కానీ మన చెరువుల్లో ఉన్నవి అవి మాత్రమే కాదు కదా. జిలేబీ (తిలాపియా) ఉంది, కొరమీను ఉంది, పరిగెలున్నాయి. జిలేబీ ఒడ్డుకు దగ్గర్లోనే తిరుగుతుంది, చిన్న ఫ్లైని బాగా అందుకుంటుంది. కొరమీను కప్పను మింగే జాతి, నీటిపైన కదిలే పెద్ద ఫ్లైమీదికి ఎగబడుతుంది. దానికి మాత్రం ఒక నియమం పెట్టుకోవాలి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కనిపిస్తే, కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటి జోలికి పోకూడదు.

సార్, మీకు వయసు అడ్డం కాదు. మామూలు రాడ్డులో బరువు ఎరలో ఉంటుంది, అదే దారాన్ని లాక్కుపోతుంది. ఇందులో ఈకకు బరువే లేదు, బరువంతా లైనులో, అంటే లావుపాటి దారంలో ఉంటుంది. లైను వెనక్కి పూర్తిగా చాచుకునేదాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు ముందుకు తోయాలి. ఆ ఆగడం రానివాళ్లు ఎంత బలం పెట్టినా లైను కాళ్ల దగ్గరే కుప్పపడుతుంది. అందుకే ఓపిక ఉన్న పెద్దవాళ్లకు ఇది త్వరగా పట్టుబడుతుంది.

తొమ్మిదడుగుల రాడ్డు తీసుకోండి. లైను బరువును బట్టి రాడ్డుకు నంబరు ఉంటుంది. పుస్తకాల్లో 5 నంబరు అంటారు గానీ, మన చెరువుల మీద గాలి ఎక్కువ, 6 నంబరు మేలు. మొదట నీళ్లే వద్దు. పొద్దున్నే ఏదైనా ఖాళీ గ్రౌండుకు పోయి, కొక్కెం బదులు ఉన్నిదారం ముక్క కట్టి విసరండి. ఇరవై, ముప్పై అడుగులు తిన్నగా పడితే చాలు. దూరం కోసం ఆరాటపడితేనే భుజం పట్టేస్తుంది. గట్టు వెనక తుమ్మచెట్లుంటే వెనక్కి విసరలేరు, కాబట్టి లైను నీటిమీదే ఉంచి ముందుకు దొర్లించే రోల్ కాస్ట్ కూడా నేర్చుకోండి. లైను చివరి సన్నదారం కొక్కెం కంటిలో ఎక్కించడం మన వయసులో అసలు కష్టం. రెండు మూడు ఫ్లైలకు సన్నదారం ఇంట్లోనే దీపం కింద కట్టి పెట్టుకోండి. టోపీ, కళ్లద్దాలు లేకుండా మాత్రం విసరొద్దు, గాలికి కొక్కెం కంటికి తగిలితే అంతే.

నాగలాపురం_ఆడపడుచు:
ఎలా విసరాలో చెబుతున్నారు సరే. సార్ వాళ్లావిడ అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. మా ఊళ్లో వేదనారాయణస్వామిది మత్స్యావతారం, చేపను దేవుడిగా కొలిచే చోట పెరిగాను. మా వీధిలో చేపలు తినేవాళ్లు ఉన్నారు, నాకు వాళ్లమీద ఏ కోపమూ లేదు. ఆకలికి పట్టడం వేరు. మూతికి కొక్కెం గుచ్చి, ఆడించి, ఫొటో తీసుకుని వదిలేయడం వేరు. వదిలేశాం కాబట్టి దయ చూపించాం అనుకోవడాన్ని నేను ఒప్పుకోను.

గట్టుమీద_గాలం:
ఈ మాటలో మేడంతో నేనూ ఏకీభవిస్తాను. నేను పట్టింది ఇంటికి తీసుకుపోతాను, లేదా పక్కింటికిస్తాను.

పీలేరు_ఈకలు:
మేడం, మీ ప్రశ్న న్యాయమైనది. కొక్కెం చేపను బాధించదని నేను అనను. ముల్లు నొక్కేసిన కొక్కెం వాడితే సులువుగా ఊడుతుంది, చెయ్యి తడుపుకుని పట్టుకుంటే ఒంటిమీది జిగురు పోదు. అయినా ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు వేడెక్కి ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పుడు అలసిపోయిన చేపను వదిలినా చాలాసార్లు చస్తుంది. అందుకే ఎండాకాలం నేను రాడ్డు ముట్టను.

జిలేబీ సంగతి వేరే. అది ఆఫ్రికా చేప, 1952లో మనదేశానికి తెచ్చారు. గుడ్లు నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, త్వరగా పెరిగిపోతుంది, మన చేపల తిండికి పోటీ వస్తుంది. దాన్ని తిరిగి నీళ్లలో వదలాల్సిన పనే లేదు, కూరకు ఇచ్చేయొచ్చు. ఈకల కొక్కెం ఈనాటి షోకు అనుకోకండి. సుమారు 1800 ఏళ్ల కిందే మాసిడోనియాలో ఎర్ర ఉన్ని, కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారు, అది కూటి కోసమే.

శేషాచలం_నడక:
సార్, ఒక్క మాట. తలకోన వైపు వాగులు చూసి ముచ్చటపడొద్దు. అది శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు, అనుమతి లేకుండా అక్కడ గాలం వేస్తే వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. కళ్యాణి డ్యాం తిరుపతికి, తిరుమలకు తాగునీరిచ్చేది, అక్కడికీ వద్దు. ఊరి చెరువుల్లో చేప హక్కు మత్స్యకారుల సంఘానికి ఉంటుంది. చేపపిల్లల్ని వదిలింది వాళ్లు, డబ్బు పెట్టింది వాళ్లు. ముందు వాళ్లను అడగండి. ఒంటరిగా మాత్రం పోవద్దు, గట్ల మీద రక్తపింజరి తిరుగుతుంది.

స్వర్ణముఖి_ఒడ్డున:
అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ మా ఆవిడకు చదివి వినిపించాను. నాగలాపురం అమ్మ చెప్పినదానితో తనది ఒకే మాట, నాకూ అది తేలిగ్గా తీసిపారేసే మాటలా అనిపించలేదు. నాకు కావాల్సింది చేప కాదు, ఆ లైను గాలిలో చాచుకోవడం. కాబట్టి ఈ చలికాలమంతా గ్రౌండులో ఉన్నిదారంతోనే. తర్వాత సంఘంవాళ్లు ఒప్పుకుంటే వాళ్లడిగిన డబ్బు కట్టి, జిలేబీ వరకే. పట్టింది వాళ్లకే ఇచ్చేస్తాను. ఫొటోలు వద్దు. గట్టన్నా, నీళ్లు చదవడం మీ దగ్గరే నేర్చుకుంటాను, వెదురు గెడతోనే.

నాగలాపురం_ఆడపడుచు:
ఉన్నిదారం దాకా నాకే అభ్యంతరమూ లేదండీ. కొక్కెం కట్టే రోజుకు నా మాట మారదు. ఫొటోలు వద్దన్నందుకు మాత్రం సంతోషం.

పీలేరు_ఈకలు:
సార్, ఆదివారం పొద్దున ఆరుకు తిరుపతి వస్తాను. యూనివర్సిటీ గ్రౌండు మీకు దగ్గరేనా? నా పాత 6 నంబరు రాడ్డు తెస్తాను. అది విసిరి చూశాకే కొనండి.