పది జట్ల ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్: తొమ్మిదో వంతు వచ్చినప్పుడు డ్రాఫ్ట్‌లో ముందు ఎవరిని తీసుకోవాలి?

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో పది జట్లతో నడిచే ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్) ఫాంటసీ లీగ్‌లో నాకిది రెండో సీజన్. నిజమైన ఆటగాళ్లను డ్రాఫ్ట్‌లో, అంటే వంతులవారీ ఎంపికలో, తీసుకుంటాం. మైదానంలో వాళ్ల ఆటను బట్టి మాకు పాయింట్లు వస్తాయి. క్రికెట్ ఫాంటసీలో ఒకే ఆటగాణ్ణి ఎంతమందైనా తీసుకోవచ్చు. ఇక్కడ ఒకరు తీసుకున్న ఆటగాడు వాళ్లు వదిలితే తప్ప మరొకరికి దొరకడు. ఈ తేడా నిరుడు నాకు ఆలస్యంగా అర్థమైంది. ఎక్కువ పాయింట్లు తెచ్చేది బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లే కదా అనుకుని మొదటి మూడు రౌండ్లలోనే ఇద్దరిని తీసుకున్నాను. వారానికి ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నే ఆడించాలి కాబట్టి రెండో అతను బెంచి మీదే ఉండిపోయాడు. బంతి మోసుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల కోసం చూసే సమయానికి మంచివాళ్లందరూ అయిపోయారు.

మా నియమాలు ఇవి: ఒక క్వార్టర్‌బ్యాక్, ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు, ఇద్దరు వైడ్ రిసీవర్లు (విసిరిన బంతిని పట్టేవాళ్లు), ఒక టైట్ ఎండ్ (ప్రత్యర్థులను అడ్డుకుంటూ బంతిని కూడా పట్టేవాడు), ఒక ఫ్లెక్స్ (రన్నింగ్ బ్యాక్, రిసీవర్, టైట్ ఎండ్‌లలో ఎవరినైనా పెట్టగల స్థానం), ఒక కిక్కర్, ఒక డిఫెన్స్ (ఒక ఎన్ఎఫ్ఎల్ జట్టు రక్షణ దళం మొత్తం), బెంచి మీద ఆరుగురు. పట్టిన ప్రతి క్యాచ్‌కు ఒక పాయింటు ఉంటుంది. ప్రతి రౌండ్‌కూ వంతుల వరుస తిరగబడే స్నేక్ డ్రాఫ్ట్‌లో ఈసారి నాకు తొమ్మిదో వంతు వచ్చింది. ఎవరితో మొదలుపెట్టాలో, సీజన్ నడుస్తుండగా జట్టును ఎలా చూసుకోవాలో అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం (న్యూజెర్సీ నుంచి)

మీ పొరపాటులోనే ఈ ఆట అసలు సూత్రం ఉందండి. ఒక ఆటగాడు ఎన్ని పాయింట్లు తెస్తాడన్నది సగం లెక్క మాత్రమే. అతణ్ణి వదిలేస్తే అదే స్థానానికి తర్వాత దొరికేవాడు ఎన్ని తెస్తాడన్నది మిగతా సగం. ఉదాహరణకు, మొదటి వరుస క్వార్టర్‌బ్యాక్ వారానికి 22 పాయింట్లు, పదో రౌండ్‌లో దొరికేవాడు 18 పాయింట్లు తెస్తారనుకుందాం. అదే విధంగా మంచి రన్నింగ్ బ్యాక్ 18 తెస్తే, పదో రౌండ్‌లో మిగిలే రన్నింగ్ బ్యాక్ 9 తెస్తాడనుకుందాం. మొదటి చోట మీరు పోగొట్టుకునేది 4 పాయింట్లు, రెండో చోట 9. ఎన్ఎఫ్ఎల్‌లో 32 జట్లకూ మ్యాచ్ మొదలుపెట్టే క్వార్టర్‌బ్యాక్‌లు 32 మంది ఉంటారు, మీ పది జట్లకూ కావలసింది పదిమందే. రన్నింగ్ బ్యాక్‌లు మాత్రం ఫ్లెక్స్‌ను పక్కన పెట్టినా ఇరవైమంది కావాలి. పైగా చాలా జట్లు ఆ పనిని ఇద్దరికి పంచుతున్నాయి కాబట్టి, పూర్తి బాధ్యత మోసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు.

ఇక మీ వంతు సంగతి. పది జట్ల స్నేక్ డ్రాఫ్ట్‌లో తొమ్మిదో స్థానం వారికి వచ్చే సంఖ్యలు 9, 12, 29, 32, 49, 52. అంటే మొదటి ఇద్దరినీ దాదాపు ఒకేసారి తీసుకుంటారు. ఆ తర్వాత పదహారుగురు ఆటగాళ్లు వెళ్లిపోయేదాకా ఎదురుచూడాలి. అందువల్ల 12వ ఎంపిక చేసేటప్పుడే 29వ ఎంపిక నాటికి ఏ స్థానంలో మంచివాళ్లు నిండుకుంటారో ఆలోచించుకోవాలి. పేర్లను ఒకే పొడవాటి వరుసగా కాకుండా, దాదాపు సమానమైన వాళ్లను ఒక మెట్టు మీద ఉంచి మెట్లుగా రాసుకోండి. ఒక మెట్టు మీద ఐదుగురు రిసీవర్లు, మరో మెట్టు మీద ఒక్క రన్నింగ్ బ్యాక్ మిగిలి ఉంటే, నిస్సంకోచంగా ఆ రన్నింగ్ బ్యాక్‌నే తీసుకోండి. కిక్కర్, డిఫెన్స్‌ల కోసం చివరి రెండు రౌండ్ల కంటే ముందు ఒక్క ఎంపిక కూడా ఖర్చు చేయవద్దు.

సమాధానం (హైదరాబాద్ నుంచి)

పైవారు చెప్పిన డ్రాఫ్ట్ లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే నేను చూసినంతవరకు లీగ్ గెలిచేది డ్రాఫ్ట్ రోజున కాదు, ఆ తర్వాత ప్రతి వారం చేసే పనితోనే. మా కంపెనీ అమెరికా బృందం లీగ్‌లో ఇక్కడి నుంచే ఆడుతున్నాను కాబట్టి వారం మొత్తాన్నీ గడియారం చూసుకుంటూ నడపాల్సి వస్తుంది.

2023లో ఎన్ఎఫ్ఎల్ జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే అసలు డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్‌లో వెళ్లిన పుకా నకువా అనే కొత్త రిసీవర్‌ను చాలా ఫాంటసీ లీగ్‌లలో ఎవరూ తీసుకోలేదు. మొదటి మ్యాచ్‌లో అతను 10 క్యాచ్‌లతో 119 గజాలు సాధించాడు. సీజన్ ముగిసేసరికి అతని లెక్క 105 క్యాచ్‌లు, 1,486 గజాలు. మొదటి మ్యాచ్ తర్వాత చూడాల్సింది ఆ 119 గజాలను కాదు, అతని వైపు విసిరిన బంతులను. అవి 15. గజాలు ఒక పెద్ద ఆటతో కూడా రావచ్చు, కానీ క్వార్టర్‌బ్యాక్ పదిహేనుసార్లు ఒకే మనిషిని వెతికాడంటే అది జట్టు వేసుకున్న పథకం. మీ లీగ్‌లో వేవర్ (ఎవరి జట్టులోనూ లేని ఆటగాళ్లను తీసుకోవడం) కోసం వంద డాలర్ల ఊహా బడ్జెట్‌తో గుట్టుగా వేలం పెడితే, ఇలాంటి ఆటగాడి మీద తొలి వారాల్లోనే ధారాళంగా ఖర్చు చేయండి. నవంబర్‌లో దొరికినవాడు మీకు కొన్ని వారాలే పనికొస్తాడు, సెప్టెంబర్‌లో దొరికినవాడు సీజన్ అంతా ఆడతాడు.

గాయాల విషయంలో 2024 మొదటి వారాన్ని గుర్తుచేస్తాను. ఫాంటసీ డ్రాఫ్ట్‌లలో అందరికంటే ముందు వెళ్లిన రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ సోమవారం రాత్రి మ్యాచ్‌కు దిగలేదు. ఆ వారంలో అదే చివరి మ్యాచ్ కాబట్టి, ఆదివారం ఆడేసిన ఆటగాళ్లెవరినీ అతని స్థానంలో పెట్టే వీలు లేకపోయింది. అదే జట్టులో అతని వెనక ఉన్న జోర్డన్ మేసన్‌ను బెంచి మీద ఉంచుకున్నవారు మాత్రం నిశ్చింతగా మార్చుకున్నారు. మేసన్ 28సార్లు బంతి మోసి 147 గజాలు, ఒక టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గీత దాటించి చేసే స్కోరు) సాధించాడు. మెక్‌కాఫ్రీ ఆ సీజన్‌లో మొత్తం నాలుగు మ్యాచ్‌లే ఆడగలిగాడు. మొదటి రౌండ్‌లో రన్నింగ్ బ్యాక్‌ను తీసుకుంటే అతని వారసుణ్ణి కూడా చివరి రౌండ్లలో తెచ్చుకోవాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మ్యాచ్‌లో దిగనివారి పేర్లను ఆట మొదలవడానికి 90 నిమిషాల ముందు ప్రకటిస్తారు. సీజన్ తొలి రెండు నెలల్లో తూర్పు అమెరికా సమయం ప్రకారం ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట మ్యాచ్ ఇక్కడ రాత్రి పదిన్నరకు మొదలవుతుంది కాబట్టి, తొమ్మిది గంటలకు భోజనం ముగించి జట్టు చూసుకోవడం నాకు అలవాటైంది. మీకు డాలస్‌లో అది ఉదయం పదిన్నర. ఆ కాసేపు ఫోన్ చేతిలో ఉంచుకోండి. గురువారం ఆడే ఆటగాణ్ణి ఎప్పుడూ ఫ్లెక్స్‌లో పెట్టకండి, అతని సొంత స్థానంలోనే పెట్టండి. ఫ్లెక్స్ ఖాళీగా ఉంటే ఆదివారం ఎవరికైనా గాయమైనా రన్నింగ్ బ్యాక్, రిసీవర్, టైట్ ఎండ్‌లలో ఎవరినైనా అక్కడ సర్దవచ్చు.

సమాధానం (అట్లాంటా నుంచి)

టైట్ ఎండ్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక నా అభిప్రాయం చెబుతాను. 2022లో ట్రావిస్ కెల్సీ 110 క్యాచ్‌లు, 1,338 గజాలు, 12 టచ్‌డౌన్‌లు సాధించాడు. న్యూజెర్సీవారు చెప్పిన తేడా లెక్క ప్రకారం, ఆ స్థానంలో మిగతావాళ్లకు అందనంత ఎత్తున నిలిచినందువల్ల అతను మొదటి రౌండ్‌కు తగినవాడే. అయితే మరుసటి ఏడాది అతని గజాలు 984కు, టచ్‌డౌన్‌లు 5కు తగ్గాయి. నిరుటి అంకెలను చూసి ఈ ఏటి ధర కట్టడం ఎంత ప్రమాదమో ఆ ఏడాది అతణ్ణి మొదటి రౌండ్‌లో తీసుకున్నవారందరికీ తెలుసు. అలాంటి ఒక్కడు నిజంగా కనబడితే తప్ప టైట్ ఎండ్‌ను ఎనిమిదో రౌండ్ దాకా వాయిదా వేయండి.

బై వీక్ గురించి డ్రాఫ్ట్‌లో ఎక్కువ ఆందోళన అక్కర్లేదు. ప్రతి జట్టుకూ 18 వారాల్లో 17 మ్యాచ్‌లే కాబట్టి ఒక వారం విశ్రాంతి తప్పదు, దాన్ని వేవర్‌తో సర్దుకోవచ్చు. సాధారణంగా ఫాంటసీ లీగ్ ప్లేఆఫ్‌లు 15 నుంచి 17వ వారం దాకా జరుగుతాయి. ట్రేడ్‌లు (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) ముగిసే గడువు రాకముందే మీ ఆటగాళ్లకు ఆ మూడు వారాల్లో ఎదురయ్యే డిఫెన్స్‌లను చూసుకోండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

మీ ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మెట్ల జాబితా ఈ వారాంతంలో రాసుకుంటాను. ఒక్క సందేహం: 9, 12 రెండింటిలోనూ రిసీవర్లనే తీసుకుంటే తప్పా?

సమాధానం (న్యూజెర్సీ నుంచి)

తప్పు కాదండి. క్యాచ్‌కు ఒక పాయింటు ఇచ్చే మీ లీగ్‌లో అది మంచి ఆరంభమే. అయితే 29, 32 ఎంపికల్లో కనీసం ఒకటి రన్నింగ్ బ్యాక్‌కు కేటాయించండి. 49 దాకా ఆగితే, జట్టులో పనిని మరొకరితో పంచుకునేవాళ్లే ఎక్కువగా మిగిలి ఉంటారు.