పీఎస్‌సీలో ఎంఆర్‌సీపీ: నాళంలో నల్ల మచ్చ కనబడితే రాయా, గాలా, ఇంకేమైనానా?

నాళం_దారి: ప్రైమరీ స్క్లిరోజింగ్ కొలాంజైటిస్ (పీఎస్‌సీ, పైత్య నాళాలు వాచి, మచ్చకట్టి బిగుసుకుపోయే జబ్బు) పేషెంటు. ఎంఆర్‌సీపీలో (పైత్య నాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్) చూస్తే కామన్ హెపాటిక్ డక్ట్‌లో (కాలేయం నుంచి దిగే ప్రధాన పైత్య నాళం) పాత స్కాన్‌లో లేని బిగుతు. కాలేయం ఎడమ లోబ్ కుంచించుకుపోయింది, అక్కడి నాళాల్లో రెండు మూడు నల్ల మచ్చలు. నాళం తెరిచి ఉంచే గొట్టం (స్టెంట్) తీసి మూడు వారాలు. రిపోర్టులో ఏ మాట ధైర్యంగా రాయొచ్చు?

ఎంఆర్_బల్ల: ముందు ఎంఐపీ బొమ్మ (పొరలన్నీ కలిపి ఒకటిగా చూపేది) మూసేయండి. అందులో తెల్లటి బైల్ (పైత్యరసం) చిన్న రాయిని మింగేస్తుంది. విడివిడి పొరల సోర్స్ ఇమేజ్‌లూ, అడ్డుకోతలో నీరు తెల్లగా కనబడే యాక్సియల్ టీ2 బొమ్మలూ చూడండి. పేషెంటు వెల్లకిలా ఉంటాడు కాబట్టి గాలి పొట్టవైపు తేలుతుంది. పైన నలుపు, కింద తెలుపు, మధ్య గీత గీసినట్టు అడ్డంగా ఉంటే గాలి. మచ్చ వీపువైపు అడుగున కూర్చుని, చుట్టూ బైల్ ఉంటే రాయి. ఎడమ నాళాలు ముందువైపు ఉంటాయి, గాలి చేరేదీ అక్కడే. స్టెంట్ తీసిన కొత్తలో ఇది మామూలు. సందేహం తీరకపోతే టీ1 (నీరు నల్లగా కనబడే ఎంఆర్ బొమ్మ) చూడండి: పిగ్మెంట్ రాళ్లు చాలాసార్లు తెల్లగా మెరుస్తాయి, గాలి ఎక్కడైనా నలుపే.

సీక్వెన్స్_పిచ్చి: స్కాన్ తయారీ కూడా అడగండి. కనీసం 4 గంటలు ఏమీ తినకపోతే డుయోడినంలో (చిన్నపేగు మొదటి భాగం) నీరు తగ్గుతుంది, గాల్‌బ్లాడర్ నిండుతుంది. పైనాపిల్ రసం తాగించేది రుచికి కాదు. అందులోని మాంగనీసు టీ2లో పేగు నీటిని నల్లబరుస్తుంది. గాడాక్సెటేట్ (కాలేయం బైల్‌లోకి వదిలే కాంట్రాస్ట్ మందు) ఇస్తుంటే టీ2 ఎంఆర్‌సీపీ ముందే ముగించాలి. మందు బైల్‌లోకి దిగాక నాళమే నల్లబడుతుంది.

కాలేయం_వైపు: బిగుతు సంగతి. రైట్ హెపాటిక్ ఆర్టరీ దాటేచోట కామన్ హెపాటిక్ డక్ట్ నొక్కుకున్నట్టు కనబడుతుంది, అదొక బూటకపు బిగుతు. అది కాదని తేలాకే ముందుకు వెళ్లాలి. ‘డామినెంట్’ (ప్రధాన బిగుతు) అనే మాటకు పాత కొలతలు (కామన్ బైల్ డక్ట్‌లో 1.5 మి.మీ. లేదా తక్కువ, హెపాటిక్ డక్ట్‌లో 1 మి.మీ. లేదా తక్కువ) ఈఆర్‌సీపీవి (నోటిగుండా ఎండోస్కోప్ పంపి నాళంలోకి కాంట్రాస్ట్ ఎక్కించే పరీక్ష). ఎంఆర్‌సీపీ పిక్సెల్ అంత సన్నగా కొలవలేదు. ‘వ్యాసం 75 శాతానికి మించి తగ్గింది, హై గ్రేడ్ స్ట్రిక్చర్’ అని రాయడమే నిజాయతీ.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఎడమ లోబ్. పీఎస్‌సీలో నాళాల గోడలు బిరుసెక్కి ఉంటాయి, బిగుతు వెనక పెద్దగా ఉబ్బవు. అలాంటిది ఒక్కసారిగా బాగా ఉబ్బితే, పాత స్కాన్‌తో పోల్చినప్పుడు మార్పు వేగంగా ఉంటే, కొలాంజియోకార్సినోమా (పైత్య నాళ క్యాన్సర్) కాదని నిరూపించేదాకా అదే అనుకోవాలి. కాంట్రాస్ట్ డిలేడ్ ఫేజ్‌లో (మందు ఎక్కించాక కాస్త ఆగి తీసే బొమ్మలు) గోడ మందంగా, నెమ్మదిగా వెలిగేదా చూడండి. గాడాక్సెటేట్‌తో ఆ ఫేజ్ నమ్మకంగా చదవలేం.

నాళం_దారి: సీఏ 19-9 (రక్తంలో చూసే క్యాన్సర్ సూచిక) మామూలుగానే ఉందండి. కొంచెం ఊరటేనా?

కాలేయం_వైపు: కాదండి. లూయిస్ యాంటిజెన్ (ఒక రక్త గ్రూపు గుర్తు) లేనివాళ్లు దాన్ని తయారుచేయలేరు, వాళ్లలో క్యాన్సర్ ఉన్నా పెరగదు. ఇంకోవైపు, బ్యాక్టీరియల్ కొలాంజైటిస్ (నాళాల ఇన్‌ఫెక్షన్) ఒక్కటే దాన్ని ఎక్కించేస్తుంది, ఇన్‌ఫెక్షన్ తగ్గాక మళ్లీ చూడాలి. బ్రష్ సైటాలజీ (నాళం లోపల బ్రష్‌తో గీకిన కణాల పరీక్ష) నెగెటివ్ వచ్చినంత మాత్రాన కేసు మూసేయకూడదు. ఫిష్ (ఆ కణాల్లో క్రోమోజోమ్ మార్పులు వెతికే పరీక్ష) కూడా పంపండి. ఐజీజీ4 (పీఎస్‌సీలా కనబడే ఇంకో జబ్బులో తరచూ పెరిగే యాంటీబాడీ) ఒక్కసారైనా చూశారా? స్టెరాయిడ్‌కు కరిగిపోయే జబ్బును పీఎస్‌సీ అని మోయకూడదు.

ఎండో_డెస్క్: ఈఆర్‌సీపీకి పంపేముందు ఏ సెగ్మెంటు తెరవాలో ఎంఆర్‌సీపీలోనే తేల్చుకోండి. యాంటీబయోటిక్ ముందే ఇవ్వాలి. కాంట్రాస్ట్ ఎక్కించేముందు బైల్ కొంత లాగేయాలి, డ్రెయిన్ చేయగలిగిన నాళంలోకే ఎక్కించాలి. ఎండిపోయిన ఎడమ లోబ్‌లోకి ఎక్కించి వదిలేస్తే బిలిరుబిన్ తగ్గదు సరికదా, చీము పడుతుంది. బిగుతులో స్టెంట్ పెట్టాలా, బెలూన్‌తో వెడల్పు చేయాలా అన్న వాదన 2018 నాటి డిల్‌స్టెంట్ ట్రయల్‌తో చాలావరకు తేలింది: కొద్దికాలపు స్టెంట్ బెలూన్ కంటే మెరుగని తేలలేదు, తీవ్రమైన ఇబ్బందులు మాత్రం చాలా ఎక్కువ.

ఎంఆర్_బల్ల: చీము మాట వచ్చింది కాబట్టి. జ్వరం ఉంటే డిఫ్యూజన్ (కణజాలంలో నీటి కదలిక చూపే ఎంఆర్ బొమ్మ) తప్పక చూడండి. నాళాల వెంట ద్రాక్షగుత్తిలా చిన్నచిన్న గడ్డలు, అంచు వెలిగి, లోపల డిఫ్యూజన్ ఆగితే యాబ్సెస్ (చీముగడ్డ). పక్కనున్న పోర్టల్ వెయిన్ (పేగుల రక్తాన్ని కాలేయానికి తెచ్చే సిర) కొమ్మ మూసుకుందా చూడకుండా రిపోర్టు ముగించొద్దు. గడ్డలో గొట్టం పెట్టి, కిందున్న బిగుతు అలాగే వదిలేస్తే గడ్డ మళ్లీ వస్తుంది.

సీక్వెన్స్_పిచ్చి: చిన్న పక్కదారి. పెద్దపేగు తీసేసి ఇలియోస్టమీ (చిన్నపేగు చివరను పొట్టమీద సంచిలోకి తెరిచిన స్టోమా) ఉన్న పీఎస్‌సీలో రక్తం సంచిలోకి వస్తుంటే, లివర్ సీటీ పై పొట్టతోనే ఆగిపోయి అసలు చోటు తప్పిపోతుంది. స్టోమా చుట్టూ వేరిసెస్ (ఉబ్బిన సిరలు) ఉండేది పొట్ట గోడలో. పోర్టల్ ఫేజ్‌లో (కాంట్రాస్ట్ సిరల్లో నిండినప్పుడు) స్టోమా దాకా తీయించండి. అక్కడ కుట్టు వేస్తే అప్పటికి ఆగుతుంది, పోర్టల్ ప్రెజర్ తగ్గించకపోతే మళ్లీ కారుతుంది.

నాళం_దారి: యాక్సియల్‌లో మచ్చలన్నీ ముందువైపే, గీత స్పష్టం. గాలి అని రాస్తాను. బిగుతుకు ‘హై గ్రేడ్, కొత్తది, ఎడమ లోబ్ క్షీణతతో’ అని రాసి డిలేడ్ ఫేజ్ మళ్లీ అడుగుతాను. గాల్‌బ్లాడర్‌లో 5 మి.మీ. పాలిప్ (గోడమీది బుడిపె) ఉంది, దాన్నేం చేయాలి?

కాలేయం_వైపు: 8 మి.మీ. చేరితే గాల్‌బ్లాడర్ తీయించడమే. పాలిప్ అంతకంటే చిన్నదైతే అల్ట్రాసౌండ్‌తో వెంటాడాలి. ఈ కేసులో ముందు నాళం తేలనివ్వండి.