బీబీసీ మైక్రోకి సీ కంపైలర్ – సాయం కావాలి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. మా నాన్నగారు బడిలో పనిచేసే రోజుల్లో వేలంలో కొన్న 1980ల నాటి కంప్యూటర్ బీబీసీ మైక్రో మోడల్ బి అటక మీద దొరికింది. బడుల్లో కంప్యూటర్ చదువు కోసం 1984లో మొదలైన క్లాస్ పథకంలో బడులకు ఇచ్చిన రకమే. దుమ్ము దులిపితే ఆన్ అయింది, నమ్మలేకపోయాను!

దీనికి సీ భాషలో చిన్న ఆట రాయాలని కోరిక. 6502 ప్రాసెసర్, 32 కేబీ ర్యామ్. అందులోనే తెర కూడా ఉండాలి కాబట్టి 1 కేబీతో సరిపోయే టెక్స్ట్ తెర, మోడ్ 7, చాలనుకున్నాను. దాని మీదే కంపైల్ చేయడం నరకం. అందుకే ల్యాప్‌టాప్‌లో క్రాస్ కంపైలర్ (ఒక యంత్రంలో నడిచి మరో యంత్రానికి కోడ్ తయారుచేసేది) కావాలి. జెడ్‌88డీకే అనే కంపైలర్ జెడ్80 అనే వేరే ప్రాసెసర్‌కి కాబట్టి పనికిరాదు. 6502కి పనిచేసే సీసీ65 కంపైలర్ వేశాను, కమడోర్ 64 అనే మరో పాత కంప్యూటర్‌కి హాయిగా కంపైల్ అవుతోంది.

చిక్కల్లా బీబీసీ దగ్గరే. ఏ ప్రత్యేక యంత్రానికీ చెందని 'నన్' టార్గెట్ పెట్టి, లింకర్ కాన్ఫిగ్‌లో మొదలు చిరునామా హెక్స్ 1900 ఇచ్చాను. అక్షరం వేయడానికి హెక్స్ ఎఫ్ఎఫ్ఈఈ చిరునామా దగ్గరి ఓఎస్ రొటీన్‌ని పిలుస్తున్నాను. ఎమ్యులేటర్‌లో ఒక్క అక్షరం వచ్చి ఆగిపోతోంది. జీరో పేజీలో (మెమరీ మొదటి 256 బైట్లలో) యంత్రంలోని బేసిక్ భాష వాడుకునే చోటు తొక్కేస్తున్నానా? ఎవరి దగ్గరైనా పనిచేసే కాన్ఫిగ్, స్టార్టప్ కోడ్ ఉంటే పెట్టండి. ఇంకో కంపైలర్ మేలంటే అదైనా సరే. నా దగ్గర ఫ్లాపీ డ్రైవ్ లేదు, క్యాసెట్ పోర్టే గతి.